పురింగ్‌కి సముద్రం చూపించాలని

ఏప్రిల్ 2

ఇవాళ ఇలోయిలో నగరానికి వెళ్ళి వైద్య పరీక్ష చేయించుకున్నాను. డాక్టరు కుర్రవాడు. నా పెద్ద కత్తికున్న వయసు కూడా ఉండదు. కాగితం మీద "ఓడ ఉద్యోగానికి పనికిరాడు" అని రాసి, సంతకం పెట్టి, నవ్వుతూ చేతికిచ్చాడు. గుండె గోడ మందమైందట. ముప్పై ఏళ్ళు ఓడ వంటగదిలో పొయ్యి ముందు నిలబడినవాడి గుండె మందంగా కాక ఇంకెలా ఉంటుంది? యంత్రం పాతది. ఆగస్టులో ఇంకోచోట చేయించుకుంటాను.

ఇంటికొచ్చి మా ఆవిడ పురింగ్‌కి చెప్పాను. కాగితం చదివింది. "సరేలే, కాళ్ళు కడుక్కునిరా, అన్నం తిందాం" అంది. అంతే.

ఏప్రిల్ 3

కూరలో ఉప్పు లేదు.

ఏప్రిల్ 4

ఇవాళా లేదు. అడిగితే డాక్టరు వద్దన్నాడంది. గ్రీకు కెప్టెన్లు, కొరియా కెప్టెన్లు రెండోసారి అడిగి వడ్డించుకున్న చేతి వంట నాది. చీఫ్ కుక్ రెస్తితూతో పలాబ్రికా సొంత ఇంట్లో కూర్చుని ఉప్పు లేని మునగాకు చారు తాగుతున్నాడు. ఇది రాసి పెడుతున్నాను.

ఏప్రిల్ 7

చర్చి నుంచి లీజెల్ మాతోపాటే ఇంటికొచ్చింది. పెళ్ళై పక్క వీధిలోనే ఉన్నా, బడిలో పాఠాలు చెప్పి చెప్పి నాకూ పాఠం చెప్పడం అలవాటైంది మా అమ్మాయికి.

"నాన్నా, డాక్టరు విశ్రాంతి అన్నాడు కదా. అమ్మని తీసుకుని నాలుగు రోజులు సముద్రం ఒడ్డుకెళ్ళి రాకూడదూ? హాయిగా తినండి, చూడండి, పడుకోండి."

"ముప్పై ఏళ్ళు సముద్రంలోనే ఉన్నాను. మళ్ళీ సముద్రమా?"

"సముద్రంలో ఉన్నావు. ఒడ్డున ఎప్పుడైనా కూర్చున్నావా?"

ఓడ ఆగేచోట ఒడ్డంటే క్రేన్లు, నూనె మరకలు, సుంకం వాళ్ళు.

పురింగ్ వాకిట్లో నల్ల కందికాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు. తనని చూస్తే జాలేసింది. పెళ్ళైనప్పటినుంచీ ఈ పాసీ ఊరు, ఈ అనాస తోటలు, ఈ ఇల్లు. నేను ప్రపంచమంతా తిరిగాను, తను గుమ్మం దాటలేదు. పెళ్ళైన కొత్తలో ఓసారి నీళ్ళ దగ్గరికి తీసుకెళితే, గౌను రెండు చేతులతో పైకి పట్టుకుని మడమలు తడిసేదాకా మాత్రమే దిగింది. అల వస్తే కెవ్వుమంది.

"ఈ ప్రయాణం సంగతి నాకొదిలెయ్యండి. ఎవరూ వేలు పెట్టొద్దు" అన్నాను.

సముద్రమంటే ఏమిటో పురింగ్‌కి చూపిస్తాను.

ఏప్రిల్ 9

నేను బొరకాయ్ దీవి అనుకున్నాను. అక్కడ మనుషుల మధ్య ఇసుక కనబడదని లీజెల్ అడ్డం పడింది. అప్పుడు పురింగ్ అంది:

"గిగాంతెస్ వెళ్దాం. చిన్న దీవులు. విసనకర్రలా గీతలుండే చిప్పలు దొరుకుతాయి చూడు, అవి అక్కడ రాశులు పోసి ఉంటాయి."

"నీకెవరు చెప్పారు?"

"విన్నాను."

సరే, తన మాట కాదనడమెందుకు. దగ్గర కూడాను. ఎస్తాన్సియా రేవుదాకా వ్యాను, అక్కడినుంచి పడవ. దీవుల పటం తెప్పించి, అంతా చదివి పెట్టుకున్నాను. లైట్‌హౌస్ ఉంది, గుహలున్నాయి, కొండల మధ్య ఉప్పునీటి మడుగుంది, నీళ్ళ మధ్యలో ఇసుక తిన్నె ఉంది. ఇవన్నీ తనకి ఒక్కొక్కటే వివరించి చెప్పాలి.

ఏప్రిల్ 12

పథకం పూర్తయింది. ఓడలో వారం వంటల పట్టిక ఎలా వేసేవాణ్ణో అలాగే గళ్ళు గీసి, రంగు పెన్సిళ్ళతో నింపి, ఫ్రిజ్‌కి అంటించాను. ఏ పూట ఏం తినాలి, ఏ పూట ఏం చూడాలి, అన్నీ ఉన్నాయి. ఇంత అందమైన పట్టిక నేను అడ్మిరల్ వచ్చినప్పుడు కూడా వెయ్యలేదు.

పురింగ్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"ఇదేంటి? 'విశ్రాంతి, రెండు నుంచి మూడు వరకు'?"

"భోజనమయ్యాక కాస్త నడుం వాల్చాలిగా."

"మూడు దాటాక కూడా వాల్చే ఉంటే?"

"మూడింటికి గుహలు."

"గుహలెక్కడికైనా పారిపోతాయా తోంగ్?" రెస్తితూతో అనే నా పేరుని తను అంతే పలుకుతుంది.

లీజెల్ పడీ పడీ నవ్వింది. నవ్వనీ. క్రమశిక్షణ లేకపోతే హాయి ఎక్కణ్ణించొస్తుంది? అక్కడివాళ్ళకి వండటం సరిగా రాకపోతే నేను చూసుకుంటాను. కత్తులు పట్టుకెళ్తున్నాను.

ఏప్రిల్ 19

గుడ్ ఫ్రైడే. ఊరేగింపులో కనబడిన ప్రతివాడూ ఒకటే ప్రశ్న, మళ్ళీ ఓడ ఎప్పుడెక్కుతావని. ఆగస్టులో అని చెప్పాను.

ఏప్రిల్ 24

చేరాం. గది శుభ్రంగా ఉంది. రాయడానికి ఓపిక లేదు.

ఏప్రిల్ 25

నిన్నటి సంగతి ఇవాళ రాస్తున్నాను. ఓపిక లేక కాదు, ఎలా రాయాలో తెలియక మానేశాను.

ఎస్తాన్సియా రేవులో దిగేసరికి ఎండుచేపల వాసన మొహాన కొట్టింది. పురింగ్ ముక్కు మూసుకుంటుందేమోనని రుమాలు తీశాను. తను నా కంటే ముందు నడుస్తోంది. ఎటు వెళ్ళాలో తెలిసినట్టు నడుస్తోంది. ఎండుచేపల కొట్లోంచి ఒకావిడ తూకం వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"నాంగ్ పురింగ్! అమ్మయ్య, వచ్చావా అక్కా! ఈసారి ఇంత ఆలస్యమా?"

ఈసారి!

ఆవిడ పురింగ్‌ని కావలించుకుని, సంచీలో రెండు పొట్లాల ఎండుచేపలు కూరి, డబ్బు తియ్యబోతే చేతి మీద ఒక్కటేసింది. "ఎవరామె?" అన్నాను. "తెలిసినావిడ" అంది పురింగ్.

పడవ దగ్గర ఇంకా బాగుంది. ఒడ్డుకీ పడవకీ మధ్య సన్న బల్ల. అడుగు పడితే ఊగుతుంది. పడవ నడిపే ఆర్సింగ్ చెయ్యందించాడు. పురింగ్ ఆ చెయ్యి పట్టుకోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, మా ఇంటి వసారాలో నడిచినట్టు నడిచి వెళ్ళి కూర్చుంది. నేను ఆర్సింగ్ చెయ్యి పట్టుకున్నాను. కత్తుల సంచీ బరువు కదా.

పడవ కిరాయి ఇవ్వబోయాను. ఆర్సింగ్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నాంగ్ దగ్గర తీసుకున్నానని తెలిస్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు." నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీరు నాంగ్ వాళ్ళాయనా? అయితే నిజంగానే ఉన్నారన్నమాట!" అన్నాడు.

"అంటే?"

"ఏం లేదు నోంగ్, ఏమనుకోకండి అన్నా. ఓడలో ఉంటాడు, ఓడలో ఉంటాడు అంటుంటే... వింటున్నామే గానీ ఎప్పుడూ చూడలేదుగా. మా వాళ్ళు కొంతమంది పందెం కూడా వేశారు."

పడవలో అందరూ నవ్వారు. పురింగ్ కూడా.

దీవిలో దిగాక ఇక చెప్పనక్కర్లేదు. మేము దిగిన చోటు ఫెలీ అనే ఆవిడది. ముందు భోజనశాల, వెనక రెండు గదులు. మా ముందు బుట్టెడు ఉడికించిన చిప్పలు పోసి, పక్కన మిరపకాయల వెనిగర్ పెట్టి, నా ఎదురుగా బల్ల మీద కూర్చుని ఆవిడే అంతా చెప్పింది. పురింగ్ చెప్పలేదు.

"ఆ పెద్ద తుఫానొచ్చిన ఏడు నోంగ్. కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకి పడుకున్నాయి. దీవి మొత్తానికి పైకప్పున్న ఇల్లు లేదు. పడవల్లేవు, ఇక వేటెక్కడిది? కొన్నాళ్ళకి మీ పాసీ చర్చి ఆడవాళ్ళు బియ్యం బస్తాలతో వచ్చారు. దించి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారనుకున్నాం. అలాంటివాళ్ళు చాలామందే వచ్చారులే. ఈవిడ మాత్రం దిగీ దిగగానే, 'పొయ్యెక్కడ?' అంది. నేను ఏడుస్తూ ఉన్నాను, ఈవిడకి పొయ్యి కావాలట! ఒళ్ళు మండింది. లేదు పొమ్మన్నాను. తనే వెళ్ళి రాళ్ళేరుకొచ్చి పెట్టింది. పడిపోయిన చెట్లే కట్టెలు. ఊరంతా ఆ కుండలోదే తిన్నాం."

"ఎన్నాళ్ళుంది?"

"క్రిస్మస్ మాతోనే చేసుకుంది. మళ్ళీ ఏటా వస్తోంది. ఈ భోజనశాల పెట్టించిందెవరనుకున్నావ్?"

క్రిస్మస్. ఆ డిసెంబర్లో నేను బ్రెజిల్ రేవులో ఉన్నాను. ఓడలోకి పంచదార ఎక్కిస్తున్నారు. ఇంటికి ఫోన్ చేశాను. తుఫాను మన వైపు రాలేదుగా అని అడిగితే, ఇంటికేం కాలేదంది. అది నిజమే. వెనక గిన్నెల చప్పుడు, చాలామంది మాటలు వినబడ్డాయి. ఏమిటంటే, వంట జరుగుతోందంది. నేను కెప్టెన్ పుట్టినరోజుకి చేసిన గొర్రెమాంసం వేపుడు గురించి చెప్పడం మొదలుపెట్టాను. కార్డులో డబ్బులయ్యేదాకా చెప్పాను. అదీ గుర్తుంది.

గదిలోకి వచ్చాక అడిగాను. "ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

తను దుప్పటి దులుపుతోంది.

"చెబుదామనే అనుకునేదాన్ని తోంగ్. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నీ వంట సంగతి చెప్పేవాడివి. మధ్యలో నా వంట సంగతి ఎక్కడ పెట్టను?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 26

ఇవాళ ఫెలీ వంటగది నేను తీసుకున్నాను. చీఫ్ కుక్ వంటంటే ఏమిటో వీళ్ళకి తెలియాలి కదా. చిప్పలు ఒక్కొక్కటే విప్పి, కత్తి మొనతో మాంసం తీసి, వెన్నలో రెండు వైపులా లేతగా వేయించి, పాలమీగడ సాసు పోసి, పైన కొత్తిమీరలాంటి ఆకు పెట్టి ఇచ్చాను. ఇదే వంటకానికి హాంబర్గ్‌లో ఓడ యజమాని లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆర్సింగ్ ఒకటి నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించాడు.

"బాగుంది నోంగ్. చాలా... మెత్తగా ఉంది." తర్వాత వెనిగర్ సీసా అందుకుని పళ్ళెం నిండా వంచాడు. పాలమీగడ విరిగింది. నా కళ్ళ ముందే విరిగింది.

"అయ్యో, అది పాడైపోతుంది!"

"లేదు నోంగ్, ఇప్పుడు బాగుంది."

పురింగ్ ఆ పక్కనే పంది ఎముకలూ నల్ల కందులూ పచ్చి పనసకాయా వేసి, బత్వాన్ కాయల పులుపుతో పెద్ద కుండెడు పులుసు పెట్టింది. మా ఊళ్ళో రోజూ చేసేదే. దానికోసం పడవల దగ్గరినుంచి కూడా జనం గిన్నెలు పట్టుకుని వచ్చారు. కుండ అడుగు గీకిన చప్పుడు గదిలోకి వినబడింది.

వీళ్ళకి రుచుల తేడా తెలియదు. అలవాటు లేదు. అంతే.

ఏప్రిల్ 27

పట్టిక ప్రకారం లైట్‌హౌస్. ఒక్కణ్ణే వెళ్ళాను. తను చిప్పలు శుభ్రం చేసే ఆడవాళ్ళతో కూర్చుంది. లైట్‌హౌస్ మామూలుగానే ఉంది.

ఏప్రిల్ 28

నా భార్య ఈదుతుంది.

ఏప్రిల్ 29

నిన్న ఆ ఒక్క ముక్కే రాయగలిగాను.

పట్టికలో నిన్న ఇసుక తిన్నె. పొద్దున పురింగ్, "ఈ పూట వద్దు, ఆర్సింగ్ తీసుకెళ్తాడు, అతన్ని అడుగు" అంది. ఆర్సింగ్, "ఈ పూట పోటు నీళ్ళు తొందరగా వస్తాయి నోంగ్, రేపు వెళ్దాం" అన్నాడు.

"ముప్పై ఏళ్ళు సముద్రం మీద ఉన్నవాడికి నీళ్ళ గురించి చెబుతావా?" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

ఒడ్డుకీ తిన్నెకీ మధ్య పాయలో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. నడిచి వెళ్ళిపోయాను. తిన్నె తెల్లగా, మెత్తగా ఉంది. మనిషన్నవాడు లేడు. కూర్చున్నాను. గొర్రెమాంసం వేపుడు గురించి ఆలోచించాను. ఆ రోజు ఫోన్‌లో తను ఒకటి రెండుసార్లు "తోంగ్, విను" అన్నట్టు కూడా గుర్తొచ్చింది. నేను విన్నానో లేదో గుర్తు రాలేదు. ఎండ హాయిగా ఉండి, టోపీ మొహం మీద పెట్టుకుని పడుకున్నాను.

కాళ్ళు తడిస్తే లేచాను. తిన్నె మా వంటింటంత మిగిలింది. పాయ నది అయిపోయింది. నీళ్ళు పక్కకి లాగుతూ పోతున్నాయి. దిగి చూశాను. నాలుగడుగులకే ఛాతీ దాకా వచ్చింది, కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. వెనక్కి ఎలా వచ్చానో తెలియదు.

నాకు ఈత రాదు. ఓడల్లో బతికినవాళ్ళలో రానివాళ్ళు చాలామంది ఉన్నారు. శిక్షణలో లైఫ్‌జాకెట్ కట్టి కొలనులోకి తోశారు, తేలాం, కాగితం ఇచ్చారు. ఆ తర్వాత ఓడ చుట్టూ ఎప్పుడూ ఇనుప కంచే. ముప్పై ఏళ్ళలో నేను సముద్రాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదని ఆ తిన్నె మీద నిలబడితే తెలిసింది.

కేకలు వేశాను. గుండె దడదడలాడింది. ఆ డాక్టరు కుర్రవాడు గుర్తొచ్చాడు.

అప్పుడు ఒడ్డున పురింగ్ కనబడింది. తనతో ఫెలీ. ఫెలీ పడవల వైపు పరిగెత్తింది. పురింగ్ పరిగెత్తలేదు. గౌను విప్పి రాయి మీద పెట్టింది. లోపల లాగూ, చొక్కా ఉన్నాయి. మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బా ఒకటి చంకలో పెట్టుకుంది. నాకెదురుగా దిగలేదు, నీళ్ళు వస్తున్న వైపు చాలా దూరం నడిచి అక్కడ దిగింది. వద్దని అరుస్తున్నాను. నా భార్య మునిగిపోతోందనుకున్నాను. ఒక తల, ఒక చెయ్యి, మళ్ళీ తల. ఆ చెయ్యి లేచి పడటంలో తొందర లేదు. పిండి కలిపేటప్పుడు తన చెయ్యి ఎలా కదులుతుందో అలాగే కదులుతోంది. నీళ్ళు తనని పక్కకి లాగి, సరిగ్గా తెచ్చి తిన్నె దగ్గర వదిలిపెట్టాయి. అందుకే అంత పైన దిగిందని అప్పుడు అర్థమైంది.

జుట్టు మొహానికి అంటుకుని, ఆయాసపడుతూ నా ముందు నిలబడింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నేను ఎన్నో రేవుల్లో ఎన్నో చూశాను. అలాంటిది చూడలేదు.

"నీకు... నీకు ఈత..."

"తర్వాత. ఈ డబ్బా గుండెకి ఆనించి పట్టుకో. వెల్లకిలా పడుకో."

"మునిగిపోతాను పురింగ్."

"మునగవు. నేను పట్టుకుంటాను. కాళ్ళు తన్నకు. ఆకాశం కేసి చూడు."

"ఆర్సింగ్ పడవ వచ్చేదాకా ఆగితే..."

"అప్పటికి ఈ ఇసుక ఉండదు. చీఫ్ కుక్, నోరు మూసుకో, నీళ్ళు పోతాయి."

నా చొక్కా కాలరు వెనక పట్టుకుని లాక్కెళ్ళింది. చెవుల్లో నీళ్ళు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. తన ఊపిరి నా నెత్తి దగ్గర వినబడుతోంది, బరువుగా, ఒకే లయగా. భయపడటం మరిచిపోయాను. ఈవిడెవరు అనుకున్నాను. నాకు ఈవిడతో పెళ్ళైందా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

సగం దాటాక ఆర్సింగ్ పడవొచ్చింది. ఇద్దర్నీ ఎక్కించుకోబోయాడు.

"ఆయన్ని ఎక్కించు" అంది పురింగ్. తను మాత్రం ఎక్కలేదు. పడవ పక్కనే ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది.

ఒడ్డున కూర్చోబెట్టి అల్లం నీళ్ళు తాగించారు. ఫెలీ నన్ను తిట్టినన్ని తిట్లు కెప్టెన్లు కూడా తిట్టలేదు. "ముసలాడికి బుద్ధి లేదు! పటం తెచ్చుకున్నాడట, పటం! ఆ పటంలో నీళ్ళెప్పుడొస్తాయో లేదా?" ఆవిడ నేర్పిందట పురింగ్‌కి ఈత. మొదటి ఏడాది మడమలు తడిస్తే కెవ్వుమనేదట. తర్వాత ఏడాది మెడదాకా వచ్చిందట.

"ఎందుకు నేర్చుకున్నావు?" అని అడిగాను, ఇద్దరమే ఉన్నప్పుడు.

తను తలారబెట్టుకుంటోంది.

"నువ్వు సముద్రం మీద ఉన్నావు. నేను నీళ్ళంటే భయపడుతూ ఇంట్లో కూర్చున్నాను. ఫోన్ మోగిన ప్రతిసారీ భయమే. ఆ నీళ్ళలో ఏముందో చూద్దామని దిగాను." తువ్వాలు దులిపి, "దిగితే బాగుంది తోంగ్. అంతే" అంది.

ఏప్రిల్ 30

గుహలు చూపించింది. నేను చదివి పెట్టుకున్నవి చెప్పబోయి ఊరుకున్నాను. ఏ గుహలో ఎవరు తుఫానులో దాక్కున్నారో, ఎవరికి ఏ రాతి మీద బిడ్డ పుట్టిందో తను చెప్పింది. ఆ బిడ్డ మాతోపాటే నడుస్తోంది, ముందు పళ్ళు ఊడి.

మధ్యాహ్నం పడుకున్నాం. మూడు దాటింది. నాలుగు కూడా దాటింది.

మే 1

మడుగులో నీళ్ళు కదలవు. చుట్టూ కొండలు. అక్కడ పురింగ్ వీపు కింద చెయ్యి పెట్టి నన్ను తేల్చింది. ఊపిరి పీల్చుకుంటే పైకి, వదిలితే కిందికి. ఎవరో పర్యాటకులు ఫోటో తీశారు. తీసుకోనీ అనుకున్నాను.

ఆర్సింగ్ పడవలో కూర్చుని పొగ తాగుతూ అడిగాడు, "మళ్ళీ ఓడెప్పుడెక్కుతారు నోంగ్?"

పురింగ్ చెయ్యి నా వీపు కింద కదల్లేదు.

"ఎక్కను" అన్నాను. "గుండె బాలేదు. పనికిరానన్నారు."

"అలాగా" అన్నాడు ఆర్సింగ్. "అయితే రేపు మా మరదలి పెళ్ళి. ఉల్లిపాయలు తరిగేవాళ్ళు కావాలి."

మాట బయటికొచ్చాక ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. నీళ్ళు అలాగే ఉన్నాయి. పురింగ్ మాత్రం నా చెవి దగ్గరికి వంగి, "ఉల్లిపాయలు సన్నగా తరుగు. హాంబర్గ్ లెక్కన మరీ పొడి చేయకు, మనవాళ్ళకి పంటికి తగలాలి" అంది.

మే 2

పెళ్ళి. తెల్లవారకముందు నుంచీ తరిగాను. మూడు బస్తాల ఉల్లి, బుట్టల కొద్దీ అల్లం, బత్వాన్. నా కత్తుల పదును చూసి ఆడవాళ్ళు వరసగా తమ కత్తులు తెచ్చి నా ముందు పెట్టారు. అన్నీ నూరాను. వంట పెద్ద పురింగ్. "ఇంకా సన్నగా." "చాలు." "మంట తగ్గించు." ఓడలో నా కింద పనిచేసిన కుర్రాళ్ళు చూసి ఉంటే ఏమనేవాళ్ళో.

పెద్ద కుండ దించే ముందు గరిటెతో కొంచెం పులుసు తీసి, ఊది, నా నోటి దగ్గర పెట్టింది. అందరూ చూస్తున్నారు. కెప్టెన్ల ముందు నేను పడిన నిరీక్షణ ఏమిటో తెలుసు కాబట్టి నిదానంగా మింగాను.

"ఉప్పు తక్కువ" అన్నాను.

"నీకు తక్కువ. వాళ్ళకి ఇప్పుడు వేస్తాను" అంది.

నీకోసం విడిగా తీసి పెట్టానని ఆ మాటకి అర్థం! వందమంది భోజనం మధ్యలో నాకో చిన్న గిన్నె. ఏ కెప్టెనూ తిని ఉండడు అలాంటి పులుసు. ఉప్పు లేదు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

మే 4

లీజెల్ ఫోన్. నాలుగు రోజులని వెళ్ళి ఇన్నాళ్ళా, ఏమైందని కంగారు. "మీ అమ్మనడుగు" అని ఫోన్ ఇచ్చేశాను. ఈత సంగతి లీజెల్‌కి మొదటినుంచీ తెలుసట. "నీకు చెబితే నమ్ముతావా నాన్నా?" అంది.

నమ్మేవాణ్ణి కాదు.

మే 6

పాసీ. ఇల్లు. మునగాకు చారు.

మే 9

పొద్దున క్షవరానికి వెళ్ళాను. సముద్రం ఎలా ఉందని మంగలి అడిగాడు. "మా ఆవిడ పాయకి అడ్డంగా ఈదింది, పోటు నీళ్ళలో, నన్ను లాక్కుంటూ" అని చెప్పాను. కత్తెర ఆగిపోయింది. మొదటినుంచీ చెప్పమన్నాడు. చెప్పాను. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు కూడా విన్నారు. ఇసుక తిన్నె మీద నేను కేకలు వేసిన సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆ ముక్క లేకపోతే తను ఈదిన దానికి విలువేముంటుంది?

తర్వాత మాంసం కొట్లో చెప్పాను. తపాలా కచేరీలో చెప్పాను. చర్చి మెట్ల మీద ఫాదర్ కనబడితే ఆయనకీ చెప్పాను. ఆయన పాసీ ఆడవాళ్ళతో బియ్యం పంపినవాడే కాబట్టి అంతా తెలిసే ఉండాలి. అయినా చివరిదాకా విని, "ఇంకోసారి చెప్పు" అన్నాడు.

మే 10

పురింగ్ బజారు నుంచి వచ్చి సంచీ బల్ల మీద పడేసింది. మొహం ఎర్రగా ఉంది.

"ఇంక ఆపుతావా లేదా? బెండకాయలమ్మే ఆవిడ కూడా ఈత గురించి అడిగింది. వాళ్ళ అమ్మాయికి నేర్పుతానా అట!"

"ఆవిడకి నేను చెప్పలేదు" అన్నాను.

నిజంగానే చెప్పలేదు. ఆ వీధికి ఇంకా వెళ్ళనే లేదు.

"మరి ఆవిడకేం చెప్పావు?" అని అడిగాను.

సంచీలోంచి బెండకాయలు తీసి నా ముందు పోసింది. రెండు వీశెలుంటాయి. ఇద్దరికి అన్నెందుకో అర్థం కాలేదు.

"శనివారం పంపమన్నాను" అంది. "డబ్బు తీసుకోలేదు ఆవిడ. ఊరికే చూస్తావేం, తరుగు."